ఒక్క రిఫ్లెక్టింగ్ ప్యానెల్, ఇద్దరు యూజర్లు: ఛానెల్ పంచడం ఎలా? సమగ్ర మార్గదర్శి

గోడకి బిగించిన రిఫ్లెక్టింగ్ ప్యానెల్‌కి ఒక క్షణంలో ఒక్క సెట్టింగే ఉంటుంది. అది సిగ్నల్‌ని రవి ఫోన్ వైపు తిప్పుతున్నంతసేపూ సునీత ఫోన్‌కి దాదాపు మామూలు గోడ లాంటిదే. బేస్ స్టేషన్ వంద సబ్‌క్యారియర్ల (బ్యాండ్‌ని విడగొట్టిన చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలు) మీద వంద రకాలుగా పంపగలదు. ప్యానెల్‌కి ఆ వీలు లేదు, వచ్చిన అన్ని సబ్‌క్యారియర్లనీ ఒకే రకంగా తిప్పుతుంది.

ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్లే చాలా ప్రాజెక్టులు దారి తప్పుతాయి. ముందు ఫేజ్‌ల ఆప్టిమైజేషన్ కోడ్ రాసేసి, ఆఖర్లో దానికి ఎఫ్‌డీఎంఏనో నోమానో (ఛానెల్‌ని యూజర్లకి పంచే పద్ధతులు ఇవి) తగిలిస్తారు. ఆ వరస తిరగెయ్యాలి. ఏ క్షణాన్ని ఎవరెవరు పంచుకుంటారో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఫేజ్‌ల సంగతి. ఈ మార్గదర్శి ఆ వరసలోనే నడుస్తుంది. వైర్‌లెస్ కమ్యూనికేషన్ బీటెక్ స్థాయిలో చదివి, పైథాన్‌లోనో మ్యాట్‌ల్యాబ్‌లోనో చిన్న కోడ్ రాయగలిగితే చాలు. లెక్కలన్నీ మీరే వేసి సరిచూసుకోండి, సరిచూసుకోవడానికి వీలుగానే అంకెలతో సహా ఇస్తున్నాను.

మొదటి అడుగు: కొలతలు కాగితం మీద పెట్టండి

మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడుతున్న 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉందాం. తరంగదైర్ఘ్యం 8.57 సెంటీమీటర్లు. ప్యానెల్ మీద ఒక్కో ఎలిమెంట్ అందులో సగం, అంటే సుమారు 4.3 సెంటీమీటర్లు. అడ్డంగా 16, నిలువుగా 16 పెడితే 256 ఎలిమెంట్లు వస్తాయి, ప్యానెల్ దాదాపు 69 సెంటీమీటర్ల చదరం అవుతుంది.

ప్రతి ఎలిమెంట్‌లో పిన్ డయోడో వరాక్టరో ఉంటుంది. దాని వోల్టేజ్ మారిస్తే ఆ ఎలిమెంట్ తిప్పి కొట్టే తరంగం ఫేజ్ మారుతుంది. ప్యానెల్‌లో ఆంప్లిఫయర్ ఉండదు, రిసీవర్ ఉండదు. దానికి కరెంట్ తక్కువ పట్టేది అందుకే. తర్వాత ఛానెల్ కొలిచేటప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టేదీ అదే.

బేస్ స్టేషన్ నుంచి ప్యానెల్‌కి 100 మీటర్లు, ప్యానెల్ నుంచి రవికి 10 మీటర్లు, సునీతకి కూడా 10 మీటర్లే అనుకుందాం. ఇద్దరూ వేర్వేరు దిక్కుల్లో ఉన్నారు. బేస్ స్టేషన్‌కీ వాళ్లిద్దరికీ మధ్య మందపాటి గోడ ఉంది, అది 30 డెసిబెల్స్ మింగేస్తుంది.

రెండో అడుగు: లింక్ బడ్జెట్

ఇక్కడ తొందరపడకండి. ప్యానెల్ దారిలో నష్టం రెండుసార్లు పడుతుంది, పైగా ఆ రెండూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. 100 మీటర్లకి 83.3 డెసిబెల్స్, 10 మీటర్లకి 63.3, మొత్తం 146.6. ఎలిమెంట్‌కి సగం తరంగదైర్ఘ్యం సైజు వల్ల అందుకునేటప్పుడు 5, పంపేటప్పుడు 5, కలిపి సుమారు 9.9 డెసిబెల్స్ తిరిగొస్తాయి. అంటే ఒక్క ఎలిమెంట్ ద్వారా నష్టం 136.7 డెసిబెల్స్. ఒంటరి ఎలిమెంట్ ఎందుకూ పనికిరాదు.

256 ఎలిమెంట్లూ ఒకే ఫేజ్‌లో కలిస్తే ఆంప్లిట్యూడ్ 256 రెట్లు, పవర్ 256 వర్గం రెట్లు పెరుగుతుంది. అది 48.2 డెసిబెల్స్. మొత్తం నష్టం 88.5కి దిగుతుంది. ఫేజ్‌లు అడ్డదిడ్డంగా ఉంటే మాత్రం సగటున పవర్ 256 రెట్లే, అంటే 24.1 డెసిబెల్స్. నష్టం 112.6 దగ్గర ఆగుతుంది. గోడ దాటి వచ్చే నేరు దారి నష్టం కూడా 113 చిల్లరే. సెట్ చెయ్యని ప్యానెల్ ఉన్నా లేకున్నా ఒకటే అనడానికి ఇదే లెక్క.

బేస్ స్టేషన్ పంపే పవర్ 20 డీబీఎం, బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్, రిసీవర్ నాయిస్ ఫిగర్ 7 డెసిబెల్స్ అనుకుంటే నాయిస్ మైనస్ 94 డీబీఎం. దాంతో రవికి సెట్ చేసినప్పుడు అతని ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 25.5 డెసిబెల్స్. అదే సమయంలో సునీతకి 1.4. ఈ రెండు అంకెల్నీ ఒక పక్కన రాసి పెట్టుకోండి.

దూరాలు గుణించుకుంటాయి కాబట్టి ప్యానెల్‌ని సరిగ్గా మధ్యలో పెట్టడమంత చెడ్డ చోటు లేదు. బేస్ స్టేషన్ పక్కనో, యూజర్ల పక్కనో పెట్టాలి.

మూడో అడుగు: ఒక్కరికి ఫేజ్‌లు కట్టండి

ప్రతి ఎలిమెంట్‌కీ బేస్ స్టేషన్ నుంచి దూరం, యూజర్‌కి దూరం కలపండి. ఒక ఎలిమెంట్‌కి మొత్తం సరిగ్గా 110 మీటర్లు, ఇంకో ఎలిమెంట్‌కి 3 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చిందనుకోండి. 3ని 8.57తో భాగించి 360తో గుణిస్తే 126 డిగ్రీలు. ఆ రెండో ఎలిమెంట్ నుంచి వచ్చే తరంగం 126 డిగ్రీలు వెనకబడుతోంది, దాన్ని అంతే ముందుకి తొయ్యాలి. మీ ప్యానెల్ 2 బిట్లదైతే దానికి 0, 90, 180, 270 మాత్రమే తెలుసు. 126కి దగ్గరిది 90. మిగతా 36 డిగ్రీలు తప్పుగానే ఉండిపోతాయి, ఫర్వాలేదు. ఇలాంటి తప్పులన్నీ కలిపి 2 బిట్లకి సగటు నష్టం 0.9 డెసిబెల్స్. 1 బిట్ అయితే 3.9. 3 బిట్లకి 0.2 మాత్రమే, కాబట్టి అంతకు మించి ఖర్చు పెట్టడం దండగ.

1 బిట్ ప్యానెల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. దూరం నుంచి తరంగం ఎదురుగా వచ్చి పడితే, మీరు కుడి వైపు 30 డిగ్రీలకి కట్టిన బీమ్‌కి జంటగా ఎడమ వైపు 30 డిగ్రీలకి ఇంకో బీమ్ పుడుతుంది. ఒక్క యూజర్ ఉన్నప్పుడు అది వృథా పవర్. పది మంది ఉన్నప్పుడు ఎవరో ఒకరికి అడ్డొచ్చే సిగ్నల్.

దూరాల్ని అసలు దూరాలుగానే లెక్కపెట్టండి, కోణాన్ని బట్టి వచ్చే సులువు సూత్రంతో కాదు. ఈ ప్యానెల్ మూల నుంచి మూలకి 97 సెంటీమీటర్లు. దానికి ఫార్ ఫీల్డ్ (కోణం సూత్రం పనిచేసేంత దూరం) మొదలయ్యేది సుమారు 22 మీటర్ల తర్వాత. 10 మీటర్ల దూరంలో ఉన్న రవి దాని లోపలే ఉన్నాడు.

కోడ్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఒక్క పరీక్ష చాలు. ఎలిమెంట్లు రెండింతలు చేస్తే రిసీవ్ అయ్యే పవర్ 6 డెసిబెల్స్ పెరగాలి. 3 మాత్రమే పెరిగితే ఫేజ్ గుర్తు ఎక్కడో తారుమారైనట్టు.

నాలుగో అడుగు: ఇద్దరికీ పంచండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మూడు పద్ధతుల్నీ ఒకే లెక్కలో పెట్టి చూద్దాం. సులువు కోసం ఫేజ్‌లు ఎంతంటే అంత సెట్ చెయ్యగలమనుకుందాం.

టీడీఎంఏలో సగం సమయం రవిది, సగం సునీతది. ప్రతి స్లాట్‌కీ ప్యానెల్ సెట్టింగ్ మారుతుంది. ఎవరి స్లాట్‌లో వాళ్లకి 25.5 డెసిబెల్స్. ఒక్కొక్కరికి వచ్చే రేటు సగం గుణించు 8.48, అంటే ఒక హెర్ట్జ్‌కి సెకనుకి 4.24 బిట్లు.

ఎఫ్‌డీఎంఏలో బ్యాండ్ సగం సగం. సమయం మాత్రం ఒకటే, కాబట్టి ప్యానెల్ సెట్టింగూ ఒకటే. రవికి మాత్రమే సెట్ చేస్తే అతనికి 4.24, సునీతకి 0.63. అది పంపకం కాదు. ప్యానెల్‌ని చెరి సగం చేసి 128 ఎలిమెంట్లు ఒకరికి, 128 ఇంకొకరికి ఇస్తే ఇద్దరికీ 6 డెసిబెల్స్ తగ్గి రేటు 3.25 అవుతుంది. ఇంతకంటే మంచి దారి ఉంది. ప్రతి ఎలిమెంట్ దగ్గరా రవికి కావలసిన ఫేజ్, సునీతకి కావలసిన ఫేజ్ రెండింటికీ మధ్యలోని ఫేజ్ పెట్టండి. (రెండింటినీ యూనిట్ కాంప్లెక్స్ సంఖ్యలుగా కలిపి, వచ్చిన మొత్తం ఫేజ్ తీసుకోండి, అంతే.) అప్పుడు నష్టం 6 కాదు, 3.9 డెసిబెల్సే. ఒక్కొక్కరికి రేటు 3.59. ప్యానెల్‌ని ముక్కలు చెయ్యడం కంటే ఇది ఎప్పుడూ మేలు. అయినా చాలా కోడ్‌లలో ముక్కలు చెయ్యడమే కనిపిస్తుంది.

నోమాలో ఇద్దరూ ఒకే సమయంలో, ఒకే బ్యాండ్‌లో, వేర్వేరు పవర్‌తో. మళ్లీ సెట్టింగ్ ఒకటే, ఎస్‌ఎన్‌ఆర్ ఇద్దరికీ 21.6 డెసిబెల్స్. ఇద్దరి ఛానెల్ బలం సమానమైనప్పుడు నోమా కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు. మొత్తం 7.18, ఒక్కొక్కరికి అదే 3.59.

టీడీఎంఏ 18 శాతం ముందుంది. ప్యానెల్ లేని సిస్టమ్‌లో టీడీఎంఏ నోమా కంటే ముందుండటం జరగదు. సిద్ధాంతం ప్రకారం నోమా ఎప్పుడూ సమానమో, మేలో. ప్యానెల్ రాగానే ఆ నియమం మారుతుంది. ఎందుకంటే టీడీఎంఏ స్లాట్ స్లాట్‌కీ ఛానెల్‌నే మార్చుకోగలదు, మిగతా రెండూ ఒకే ఛానెల్‌తో సర్దుకోవాలి. ఇద్దరూ ప్యానెల్ మీదే ఆధారపడి, ఇద్దరికీ సమాన రేటు కావాలంటే టీడీఎంఏనే ఎంచుకోండి.

యూజర్లు పెరిగితే ఈ సూత్రాన్నే కాస్త విస్తరించాలి. మన ప్యానెల్ బీమ్ వెడల్పు 6 డిగ్రీల పైచిలుకు. 10 మీటర్ల దూరంలో అది సుమారు 1.1 మీటర్లు. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే సెట్టింగ్ పనికొస్తుంది. అలాంటి వాళ్లని ఒక గుంపు చెయ్యండి. గుంపుకో టైమ్ స్లాట్, గుంపు లోపల ఓఎఫ్‌డీఎంఏ, అంటే సబ్‌క్యారియర్లు పంచుకోవడం. గుంపులు కట్టడానికి ఫోన్ ఎక్కడుందో తెలియక్కర్లేదు. ఎవరికి ఏ సెట్టింగ్ బాగా పనిచేసిందో చూసి, సెట్టింగ్ కలిసిన వాళ్లని కలపడమే.

ఐదో అడుగు: నోమా ఎక్కడ పనికొస్తుంది?

ఇద్దరి బలాల్లో పెద్ద తేడా ఉన్నచోట. ఇప్పుడు సునీత బేస్ స్టేషన్‌కి దగ్గరగా, అడ్డు లేకుండా ఉందనుకోండి. ఆమె ఎస్‌ఎన్‌ఆర్ 35 డెసిబెల్స్, ప్యానెల్ అవసరం లేదు. రవి ప్యానెల్ నుంచి 60 మీటర్లు దూరం జరిగాడు, ప్యానెల్ పూర్తిగా అతనికే సెట్ చేసినా 10 డెసిబెల్సే. సెట్టింగ్ కోసం పోటీ లేదు, కాబట్టి టీడీఎంఏకి ఇందాకటి లాభం ఉండదు.

చెరి సగం పంచితే రవికి 1.73, సునీతకి 5.81. నోమాలో రవికి అదే 1.73 ఇవ్వడానికి పవర్‌లో 77 శాతం కేటాయించాలి. మిగిలిన 23 శాతంతో సునీతకి వచ్చేది 9.51. రవి ఏమీ పోగొట్టుకోలేదు, సునీత రేటు ఎక్కడికో వెళ్లిపోయింది.

ఈ లెక్క చూసి సంబరపడే ముందు ఒక పని చెయ్యండి. సునీత ఫోన్ ముందుగా రవి సిగ్నల్‌ని డీకోడ్ చేసి తీసెయ్యాలి. అలా తీసేసినప్పుడు అందులో 1 శాతం మిగిలిపోయిందని లెక్క మళ్లీ వెయ్యండి. ఆమె రేటు 9.51 నుంచి 4.90కి పడిపోతుంది. చెరి సగం పంచినప్పటి 5.81 కంటే తక్కువ! 0.1 శాతమే మిగిలితే 7.74. కాబట్టి నోమా ఫలితం చూపించేటప్పుడు ఈ మిగులు ఎంత అనుకున్నారో చెప్పకపోతే ఆ గ్రాఫ్‌ని నమ్మడం కష్టం.

రేట్ స్ప్లిటింగ్, అంటే ఆర్‌ఎస్‌ఎంఏ, నోమాకీ ఆరో అడుగులో వచ్చే ఎస్‌డీఎంఏకీ మధ్య దారి. ప్రతి యూజర్ మెసేజ్‌లో కొంత భాగాన్ని అందరూ డీకోడ్ చేసే ఉమ్మడి మెసేజ్‌లో పెడతారు, మిగతాది ఎవరిది వారికే. ఛానెల్ సమాచారం సరిగ్గా లేనప్పుడు ఇది బాగా తట్టుకుంటుంది. కానీ పవర్ పంపకం, ప్యానెల్ ఫేజ్‌లు, ఉమ్మడి భాగం పంపకం మూడూ కలిపి ఆప్టిమైజ్ చెయ్యాలి. మొదటి ప్రాజెక్ట్‌గా దీన్ని పెట్టుకోవద్దు.

ఆరో అడుగు: బేస్ స్టేషన్‌కి ఎక్కువ యాంటెన్నాలు ఉంటే

8 యాంటెన్నాలు ఉన్నాయి కదా, ఒకే సమయంలో ఇద్దరికీ వేర్వేరు బీమ్‌లు పంపి ఎస్‌డీఎంఏ చేసేద్దాం అనిపిస్తుంది. ఒక్క క్షణం ఆగండి. బేస్ స్టేషన్‌కీ ప్యానెల్‌కీ మధ్య అడ్డు లేకుండా ఒకే నేరు దారి ఉంటే, ప్యానెల్ ద్వారా వెళ్లే వాళ్లందరి ఛానెల్స్ బేస్ స్టేషన్‌కి ఒకే దిక్కులో కనిపిస్తాయి. రవి కోసం పంపిన బీమ్, సునీత కోసం పంపిన బీమ్ రెండూ అదే ప్యానెల్ మీద పడతాయి. జీరో ఫోర్సింగ్ (ఒకరి బీమ్ ఇంకొకరి దగ్గర సున్నా అయ్యేలా కట్టే పద్ధతి) అక్కడ చేతులెత్తేస్తుంది. సిమ్యులేషన్‌లో ఈ చిక్కు కనపడదు, ఎందుకంటే చాలామంది ఆ లింక్‌కి కూడా రేలీ ఫేడింగ్ (నేరు దారి లేకుండా ఎన్నో దిక్కుల నుంచి సిగ్నల్ వస్తుందనుకునే మోడల్) పెట్టేస్తారు. ఎదురెదురుగా చూసుకునేలా బిగించిన ప్యానెల్‌కి అది సరైన మోడల్ కాదు.

పరిష్కారం రెండు ప్యానెల్స్. రెంటినీ బేస్ స్టేషన్‌కి వేర్వేరు కోణాల్లో పెట్టి, ఒకటి రవికి, ఒకటి సునీతకి ఇవ్వండి. ఇద్దరిలో ఒకరికైనా మంచి నేరు దారి ఉంటే ఒక్క ప్యానెల్‌తోనూ నడుస్తుంది.

అప్పుడు బీమ్‌లనీ ఫేజ్‌లనీ వంతుల వారీగా మెరుగుపరచాలి. ఫేజ్‌లు కదపకుండా డబ్ల్యూఎంఎంఎస్‌ఈ అనే బీమ్ డిజైన్ పద్ధతితో బీమ్‌లు, తర్వాత బీమ్‌లు కదపకుండా ఫేజ్‌లు. ఈ తరహా ఉమ్మడి డిజైన్‌ని 2019లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ నుంచి చింగ్‌చింగ్ వు, రుయి జాంగ్ ప్రచురించాక ఈ రంగంలో పరిశోధన ఊపందుకుంది. ఫేజ్‌ల భాగానికి పెద్ద సాల్వర్లు అక్కర్లేదు. 255 ఎలిమెంట్లని అలాగే ఉంచి ఒక్కదాని నాలుగు విలువలూ పెట్టి చూడండి, మంచిది ఉంచుకోండి, తర్వాతి దానికి వెళ్లండి. ఒక రౌండ్‌కి 1024 లెక్కలు, ల్యాప్‌టాప్‌కి అదో పని కాదు. కొన్ని రౌండ్లలో కుదురుకుంటుంది. కుదురుకున్నది అన్నిటికన్నా మంచి పాయింటే అన్న గ్యారంటీ లేదు, కాబట్టి వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి చూడండి.

ఏడో అడుగు: పైలట్ల ఖర్చు రేటులోంచి తీసెయ్యండి

ప్యానెల్‌లో రిసీవర్ లేదని మొదట్లో అనుకున్నాం. అందుకని బేస్ స్టేషన్ నుంచి ఎలిమెంట్‌కి, ఎలిమెంట్ నుంచి ఫోన్‌కి ఉన్న ఛానెల్స్‌ని విడివిడిగా కొలవలేం, రెండూ కలిసిన ఛానెలే కొలుస్తాం. దానికి 256 ఎలిమెంట్లు, ఒక నేరు దారి, కలిపి 257 పైలట్లు (ఛానెల్ కొలవడానికి పంపే, ముందే తెలిసిన సింబల్స్) కావాలి, ఒక్కో పైలట్‌కీ ప్యానెల్ సెట్టింగ్ మారుస్తూ. ఎలిమెంట్లని ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ కొలవొద్దు. డీఎఫ్‌టీ (డిస్క్రీట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్) మ్యాట్రిక్స్ వరసలని సెట్టింగులుగా వాడితే ప్రతిసారీ అన్ని ఎలిమెంట్లూ పనిచేస్తాయి, నాయిస్ ప్రభావం చాలా తగ్గుతుంది.

5జీలో 30 కిలోహెర్ట్జ్ సబ్‌క్యారియర్ అంతరానికి 0.5 మిల్లీసెకన్ల స్లాట్‌లో 14 సింబల్స్ ఉంటాయి. సింబల్‌కో పైలట్ అనుకుంటే 257 పైలట్లకి 9.2 మిల్లీసెకన్లు. సెకనుకి ఒక మీటర్ చొప్పున నడిచే మనిషి ఛానెల్ సుమారు 36 మిల్లీసెకన్లకి మారిపోతుంది. అంటే నాలుగో వంతు సమయం కొలవడానికే పోతుంది, 4.24 అనుకున్న రేటు 3.2 దగ్గరికొస్తుంది. ఈ కోత వెయ్యకుండా చూపించిన రేటుకి విలువ లేదు.

కోత తగ్గించుకోవడానికి పక్కపక్కనున్న నాలుగేసి ఎలిమెంట్లని ఒకే ఫేజ్‌తో నడపండి. 64 గుంపులు, 65 పైలట్లు, 2.3 మిల్లీసెకన్లు. ప్యానెల్‌కి బాగా పక్కగా ఉన్న యూజర్లకి దీనివల్ల గెయిన్ తగ్గుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లకి పెద్దగా తేడా రాదు. యూజర్లు కదలకుండా కూర్చునే చోటైతే ఇదంతా మానేసి, ముందే కట్టి పెట్టుకున్న కొన్ని సెట్టింగుల్లో ఏది బాగుందో వెతుక్కోవడం ఇంకా చవక.

ఎనిమిదో అడుగు: మార్చే వేగం, షెడ్యూలర్

టీడీఎంఏ లాభం అంతా సెట్టింగ్ వేగంగా మారుతుందన్న నమ్మకం మీద నిలబడింది. పిన్ డయోడ్ మారడానికి నానోసెకన్లు చాలు, ఆలస్యం కంట్రోలర్‌లో ఉంటుంది. 256 ఎలిమెంట్లకి రెండేసి బిట్లంటే 512 బిట్లు. సెకనుకి కోటి బిట్ల సీరియల్ లైన్ మీద అది 51 మైక్రోసెకన్లు, స్లాట్‌లో పదో వంతు. అందుకే సెట్టింగులన్నీ ముందే కంట్రోలర్ మెమరీలో పెట్టి, స్లాట్‌కి ఆ సెట్టింగ్ నంబర్ ఒక్కటే పంపాలి. లిక్విడ్ క్రిస్టల్ ప్యానెల్ అయితే మారడానికే మిల్లీసెకన్లు పడుతుంది. దానితో స్లాట్ స్లాట్‌కీ మార్చడం కుదరదు, నాలుగో అడుగులో చెప్పిన మధ్య ఫేజ్ పద్ధతే గతి.

షెడ్యూలర్‌కి ప్రపోర్షనల్ ఫెయిర్ సరిపోతుంది. ఇప్పటి రేటుని ఇప్పటివరకూ వచ్చిన సగటు రేటుతో భాగించి, ఎవరిది ఎక్కువ వస్తే వాళ్లకి స్లాట్. మన విషయంలో ఒక్క మార్పు, ఆ భాగహారం ప్రతి సెట్టింగ్‌కీ చెయ్యాలి. స్లాట్‌ని గెలుచుకునేది యూజర్, సెట్టింగ్ కలిసిన జంట.

తొమ్మిదో అడుగు: గోడ మీద పెట్టే ముందు

లైసెన్స్ ఉన్న బ్యాండ్‌లో అనుమతి లేకుండా సిగ్నల్ పంపకూడదు. కాలేజీ ల్యాబ్ అయితే మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర పవర్ పరిమితుల లోపల చెయ్యండి, ఎలిమెంట్ సైజు 2.6 సెంటీమీటర్లకి తగ్గుతుంది. లేదంటే టెలికాం శాఖ నుంచి ప్రయోగాల లైసెన్స్ తీసుకోండి.

ఇరుగుపొరుగు సంగతి కూడా చూసుకోవాలి. ప్యానెల్‌కి ఫిల్టర్ ఉండదు. 2022 వేలంలో 3300–3670 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా స్పెక్ట్రం కొనుక్కున్నాయి. ఒక కంపెనీ తన యూజర్ కోసం స్లాట్ స్లాట్‌కీ ప్యానెల్ తిప్పుతుంటే, పక్క బ్లాక్‌లో ఉన్న ఇంకో కంపెనీ సిగ్నల్ కూడా దాని మీద పడి స్లాట్ స్లాట్‌కీ మారుతూనే ఉంటుంది. ఆ కంపెనీ యూజర్‌కి కారణం తెలియని ఫేడింగ్ అది. యూజర్ల మధ్య పంపకం గురించి ఎంతో రాస్తున్నారు, కంపెనీల మధ్య పంపకం గురించి రాసేది చాలా తక్కువ. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. మీ సిమ్యులేషన్‌లో కనీసం ఒక పరాయి బేస్ స్టేషన్, ఒక పరాయి యూజర్ పెట్టి వాళ్లకి ఏం జరుగుతోందో చూడండి.

ఇక కొలతలు. ప్యానెల్ ఆన్, ప్యానెల్ ఆఫ్ అని పోల్చి 20 డెసిబెల్స్ పెరిగిందని చూపించడం మామూలైపోయింది. ఆ పోలిక చాలదు. అదే సైజు అల్యూమినియం రేకుని అదే చోట బిగించి కొలవండి. అద్దంలో పడే కోణంలో కూర్చున్న యూజర్‌కి రేకు కూడా మీ ప్యానెల్‌కి దీటుగానే ఇస్తుంది, డయోడ్ల నష్టం లేదు కాబట్టి ఒక్కోసారి ఎక్కువే ఇస్తుంది. తర్వాత రేకుని అలాగే ఉంచి యూజర్‌ని రెండు మీటర్లు పక్కకి జరిపి కొలవండి, ఆపైన ప్యానెల్ పెట్టి ఆ రెండు చోట్లా వంతులవారీగా స్లాట్‌లు ఇస్తూ కొలవండి. రేకు ఇవ్వలేక, ప్యానెల్ ఇచ్చిన తేడా ఎంతో ఆ అంకెనే రిపోర్ట్‌లో రాయండి.